ఆరుకి రెండు

"ఏమీ అనుకోకు, ఇది కాదు, ఆ నీలం చారల చొక్కా ఇస్త్రీ చెయ్యి" అన్నాడు భర్త. అప్పటికి ఆమె తెల్ల చొక్కా రెండో చెయ్యి పూర్తి చేస్తోంది.

ఆమె ఏమీ అనుకోలేదు. తెల్లదాన్ని హ్యాంగరుకి తగిలించి, నీలం చారలది తెచ్చి బల్లమీద పరిచింది. ఏమీ అనుకోకపోవడంలో ఆమెకి ఇరవై ఒక్కేళ్ళ అనుభవం ఉంది. కొత్తలో కాస్త కష్టంగానే ఉండేది. ఆ మాట విన్నప్పుడల్లా ఏదో ఒకటి అనిపించేది, అది గొంతుదాకా వచ్చేది, మింగడానికి గ్లాసుడు మంచినీళ్ళు కావాల్సి వచ్చేవి. పోనుపోను గొంతుదాకా రావడం మానేసింది. ఇప్పుడైతే అసలు పుట్టడమే లేదు. పొద్దున కాఫీ తాగిందో లేదో కూడా సింకులో తన కప్పు చూసి తెలుసుకుంటుంది. ఇవాళ కప్పు తడిగా ఉంది కాబట్టి తాగే ఉంటుంది.

"అమ్మాయ్, డాక్టరు ఏమన్నాడో గుర్తుందా? ఆరుకి రెండు. పడుకునే ముందు ఒకటి కాదిక" అంది పక్కగదిలోంచి అత్తగారు.

"గుర్తుంది అత్తయ్యా. రాసుకున్నాను."

"ఎక్కడ రాసుకున్నావో అది కూడా గుర్తుండాలి. నువ్వసలే లెక్కలదానివి."

లెక్కలది. పెళ్ళైన కొత్తలో అత్తగారు ఈ మాటని చుట్టాల దగ్గర గొప్పగా వాడేది. కోడలు క్లాసులో మొదటిదని, తన కొడుకు రెండోవాడని కూడా చెప్పి నవ్వేది. తర్వాత ఆవిడకి తుంటి ఆపరేషన్ అయింది. "ఏమీ అనుకోకు, నీ పీహెచ్‌డీ ఓ ఆరునెలలు ఆగితే మించిపోయేదేం లేదుగా" అన్నాడు భర్త. ఆ ఆరునెలలకి మొన్నటితో పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఆయన ప్రొఫెసర్ అయ్యాడు. ఆమె కూరలో ఉప్పు ఎక్కువైతే "మా లెక్కలది ఉప్పుని రెండుసార్లు కూడింది" అని అత్తగారు జోకు వేస్తుంది. మనిషి చెడ్డది కాదు. మాత్రల డబ్బా మంచం పక్కనే ఉంటుంది, ఏ మాత్ర ఎప్పుడో ఆవిడకి పాఠంలా వచ్చు, అయినా ఎవరో ఒకరు అరచేతిలో పెట్టి నీళ్ళందిస్తే తప్ప మింగదు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఒకరే.

ఎండాకాలం సెలవుల్లో ఆడపిల్లలకి పదిరోజుల లెక్కల క్యాంపు. మూతపడిన స్కూల్లో రెండు గదులూ ఓ హాలూ తెరిపించి, ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లల్ని ఇరవై ఎనిమిదిమందిని పోగుచేశారు. ఆడపిల్లలు లెక్కల్లో వెనకబడకూడదని డైరెక్టరమ్మ పట్టుదల. ఆవిడ రిటైరైన ప్రిన్సిపాలు, చేతికర్రతో నడుస్తుంది, చేతికర్ర లేకుండానే మాట్లాడుతుంది. మొదటిరోజు తలుపుకి అంటించిన కాగితంలో 'తరగతులు: సార్' అని ఉంది. దాని కింద 'హాజరు, భోజనాలు, మంచినీళ్ళు: ఆంటీ' అని ఉంది. మేడమ్ అనబోయిన పిల్లల్ని భర్తే ఆపాడు. "ఆంటీ అనండమ్మా, ఇంట్లో ఉన్నట్టుంటుంది." ఆడపిల్లలు లెక్కల్లో వెనకబడకుండా చూసే క్యాంపులో, లెక్కలు చదివిన ఆడమనిషి భోజనాల బల్ల వెనకాల నిలబడింది. ఇందులో తమాషా ఉందని ఆమెకి ఎనిమిది రోజులుగా తెలుసు. నవ్వు మాత్రం రాలేదు.

ఇవాళ పరీక్ష. పది ప్రశ్నలు. ఎక్కువ మార్కులొచ్చిన ముగ్గురిని వేరే ఊళ్ళో నెలరోజుల పెద్ద క్యాంపుకి పంపిస్తారు. తిండీ ఉండటమూ అక్కడే, పెద్ద పెద్ద వాళ్ళొచ్చి చెబుతారు. పిల్లలు పొద్దుటినుంచీ గోళ్ళు కొరుకుతున్నారు.

"ఏమీ అనుకోకండి ఆంటీ, ఇంకో తెల్లకాగితం ఇస్తారా?"

అడిగింది రబ్బరు. ఆ పిల్లకి అసలు పేరు ఉంది, హాజరుపట్టీలో ఆమె రోజూ టిక్కు పెడుతుంది, కాని రెండోరోజుకే తోటిపిల్లలు రబ్బరు అని ఖాయం చేసేశారు. ఒక లైను రాస్తుంది, చెరుపుతుంది. మళ్ళీ అదే లైను రాస్తుంది, మళ్ళీ చెరుపుతుంది. ఇప్పుడు చేతిలో ఉన్న కాగితానికి నడిమధ్యన చిల్లు పడింది.

"చెరపడం ఎందుకు, కొట్టేసి పక్కన రాయొచ్చుగా?"

"కొట్టివేతలుంటే మా నాన్న ఊరుకోడు ఆంటీ. తప్పు చేశావని అందరికీ తెలిసేట్టు ఎందుకంటాడు."

ఆమె రెండు కాగితాలిచ్చింది. పిల్ల ఒకటే తీసుకుని రెండోది వెనక్కిచ్చింది. అవతలి గదిలో మిగతావాళ్ళకి పరీక్షకి ముందు ఆఖరి పాఠం నడుస్తోంది. "ఆ సంఖ్యని ఎక్స్ అనుకుందాం" అంటున్నాడు భర్త. గొంతు బాగుంటుంది ఆయనది. అనుకుందాం అన్నప్పుడు మరీ బాగుంటుంది. బోర్డు దగ్గర ఆయన ఏదీ అనుకోకుండా ఒక్క అడుగు వెయ్యడు. ఇంటికొస్తే ఎదుటివాళ్ళు ఏమీ అనుకోకూడదు. ఈ ముక్క ఆమె మనసులోకి ఇలా వచ్చి అలా పోయింది. గ్లాసులు కడగడానికి వెళ్ళింది.

పరీక్ష అయింది, భోజనాలయ్యాయి. బల్లలు తుడుస్తుంటే భర్త కట్ట తెచ్చి ఇచ్చాడు. "ఎలాగూ ఖాళీయే కదా, ఈ పేపర్లు దిద్దేసెయ్. ఐదింటికి డైరెక్టరమ్మ పేర్లు చదవాలి." పైన తన ఫైలు కూడా పెట్టాడు. అందులో జవాబుల కీ ఉంది. కీ ఆమె రాసిందే. ప్రశ్నలూ ఆమె రాసినవే. పదేళ్ళుగా ఆయన పేపర్లు, క్విజ్‌లు, పుస్తకంలోని అభ్యాసాలు అన్నీ భోజనాల బల్లమీద, అయిపోయిన నెలల క్యాలెండరు కాగితాల వెనకే పుట్టాయి. "నీకూ పొద్దుపోతుంది" అంటాడు ఆయన. నిన్న సాయంత్రం మాత్రం "నువ్వు అలిసిపోయావు, టైపు నేను చేసుకుంటాలే" అన్నాడు. అన్నం తినేటప్పుడు ఆ సంగతి ఇంకోసారి గుర్తుచేశాడు.

ఆటసామాను గదిలో, గాలి పోయిన బంతుల పక్కన కూర్చుని ఆమె దిద్దడం మొదలుపెట్టింది. నాలుగో ప్రశ్నదాకా చెయ్యి దానంతటదే పోయింది. ఐదోదాని దగ్గర ఆగింది. అప్పటికి చూసిన ఇరవై పేపర్లలో పదిహేనుమంది దాన్ని ఖాళీ వదిలేశారు. మిగతావాళ్ళు 8 అని, 11 అని, 35 అని తోచిందేదో రాశారు. ఎవరూ 95 అని రాయలేదు. అంత కష్టమైన లెక్క కాదే అనుకుని అచ్చు ప్రశ్నపత్రం తీసింది.

'ఒక రెండంకెల సంఖ్యని 4తో భాగిస్తే 3 మిగులుతుంది. 6తో భాగిస్తే 2 మిగులుతుంది. అలాంటి వాటిలో అతి పెద్దది ఏది?'

ఆమె రాసింది ఇది కాదు. ఆరుతో భాగిస్తే ఐదు మిగలాలి. ఆ లెక్క అందమంతా అందులోనే ఉంది. నాలుక్కి మూడు, ఆరుకి ఐదు, రెండింటికీ ఒక్కటే తక్కువ. సంఖ్యకి ఒకటి కలిపితే చాలు, ఎక్కడా ఏమీ మిగలదు. అది తట్టినప్పుడు నిన్న పొద్దున గరిటె చేత్తో పట్టుకునే ఒక్కక్షణం నిలబడిపోయింది. మరి ఈ రెండు ఎక్కడిది?

ఫైల్లో అడుగున క్యాలెండరు కాగితం దొరికింది. తన చేతిరాతే. ఐదో ప్రశ్న పక్కన, ఎప్పటిలా పొట్టిగా, '4కి 3, 6కి 5' అని ఉంది. దానికింద, అదే పెన్నుతో, అంత తొందరగానే, '6కి 2' అని ఉంది.

ఆరుకి రెండు.

డాక్టరు ఫోను అప్పుడే వచ్చింది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, దగ్గరున్న కాగితమ్మీద రాసుకుంది. ఆయన దాన్ని దిద్దుబాటనుకున్నాడు. పైది కొట్టెయ్యడం మర్చిపోయి ఉంటుందనుకుని, ఐదు తీసేసి రెండు టైపు చేశాడు. ఒక్క నిమిషం లెక్క చేసి చూసి ఉంటే తెలిసేది. చెయ్యలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చేసి చూడలేదన్నమాట. ఆమె లెక్కలో తప్పుండదని ఆయనకి అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక్కసారి కూడా మాటల్లో పెట్టలేదు. ఇరవై ఎనిమిదిమంది పిల్లలు పొద్దున గంటన్నరసేపు అత్తగారి మాత్రలతో కుస్తీ పట్టారు.

ఇప్పుడైనా నవ్వు రావాలి. లేకపోతే కోపమైనా రావాలి. పన్ను పీకేముందు ఇచ్చే ఇంజెక్షను ఇంకా దిగని దవడలా, ఎక్కడ నొక్కి చూసుకున్నా ఏమీ తెలియలేదు. సరే అని మిగతా పేపర్లు తీసింది.

ఇరవై ఆరోది రబ్బరుది. ఐదో ప్రశ్న దగ్గర కాగితం నలిగి పల్చబడిపోయింది. వెలుతురుకి పెట్టి చూస్తే కింద చెరిపిన అక్షరాలు కనిపిస్తాయి. మూడుసార్లు రాసి మూడుసార్లు చెరిపింది, మూడుసార్లూ ఒకటే మాట. నాలుగోసారి చెరపకుండా వదిలింది. 'అలాంటి సంఖ్య లేదు. 4కి 3 మిగిలితే అది బేసిసంఖ్య. 6కి 2 మిగిలితే అది సరిసంఖ్య. రెండూ ఒకటే కాలేవు. ఏమీ అనుకోకండి.'

ఆమె ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివింది. పదికి పది వేసింది. వేసినప్పుడు పెన్ను కాస్త గట్టిగా నొక్కిందేమో, కింది కాగితమ్మీద కూడా అచ్చు పడింది. మొత్తాలు కూడితే రబ్బరు రెండోది.

నాలుగున్నరకి భర్త వచ్చి తలుపు దగ్గర నిలబడే మార్కుల పట్టీ, పైనున్న రబ్బరు పేపరూ చూశాడు. "ఐదో ప్రశ్నకి జవాబు లేదని రాస్తే పదికి పదేమిటి? కీలో తొంభై ఐదుందిగా."

ఆమె క్యాలెండరు కాగితం చూపించింది. వేలు పెట్టి చూపించింది. "ఇది అత్తయ్య మాత్రలు."

ఆయనకి ఒక్క క్షణం పట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత గొంతు సవరించుకున్నాడు, ఆ గొంతు మళ్ళీ బాగానే ఉంది. "సరే, ఐదో ప్రశ్న తీసేద్దాం. అందరికీ తీసేస్తే అందరూ సమానం."

"తీసేస్తే ఆ పిల్ల నాలుగోది అవుతుంది."

"వచ్చే ఏడు వెళ్తుందిలే. చిన్నపిల్ల, ఏం అనుకుంటుంది? టైపులో తప్పొచ్చిందని చెబుతాను. నువ్వు టైపు చేశావందాం. నేనంటే ఇది ఎక్కడెక్కడికో పోతుంది, డైరెక్టరమ్మ సంగతి నీకు తెలుసుగా. నిన్నైతే ఎవరూ ఏమీ అనరు." పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నీలం చారల చొక్కా జేబు. "ఏమీ అనుకోకు."

ఆమె తల ఊపింది. ఊపినట్టు తర్వాత గుర్తొచ్చింది. టీ కప్పులు ట్రేలో సర్దడానికి వెళ్ళింది.

ఐదింటికి హాలు నిండింది. పిల్లలు నేలమీద, డైరెక్టరమ్మ కుర్చీలో, చేతికర్ర మోకాళ్ళకి అడ్డంగా. భర్త ముందు నిలబడి, ఐదో ప్రశ్న రద్దు చేస్తున్నామని చెప్పాడు. "ఇంట్లో మేడమ్‌గారు టైపు చేశారు. వంటచేస్తూ టైపు చేస్తే ఇలాగే ఉంటుంది మరి." పిల్లలు నవ్వారు. డైరెక్టరమ్మ కూడా నవ్వింది. ఆమె తలుపు దగ్గర ట్రేతో నిలబడి ఉంది. అందరూ ఇటు చూస్తే తనూ నవ్వింది. అలవాటు.

రబ్బరు చెయ్యెత్తింది. మోచేతిదాకా ఎత్తి, అక్కడ ఆపి, మళ్ళీ ఎత్తింది.

"ఏమీ అనుకోకండి సార్. జవాబు లేదని చెప్తే, అది జవాబు కాదా?"

"తప్పు ప్రశ్నకి జవాబేం ఉంటుందమ్మా. కూర్చో."

పిల్ల కూర్చుంది. నోటుపుస్తకం తెరిచింది. పరీక్ష అయ్యాక అందులో ఐదో ప్రశ్న మళ్ళీ రాసుకున్నట్టుంది. జేబులోంచి రబ్బరు తీసి చెరపడం మొదలుపెట్టింది. తొందరేం లేదు, కుడినుంచి ఎడమకి, లైను వెంట లైను, ఇల్లు తుడిచినంత శ్రద్ధగా. చుట్టూ నల్లటి పొట్టు రాలుతోంది. చివర్న నోటితో ఉఫ్‌మని ఊదింది.

ఆ ఊదడం దగ్గర ఆమెకి ఏదో అయింది. ఫలానాది అయిందని చెప్పడానికి లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల, ఒప్పు రాసి, ఒప్పునే చెరిపేస్తోంది. ఇంత శుభ్రంగా చెరపడం దీనికెవరు నేర్పారు అనుకుంది. అనుకుని, ట్రేని కిటికీ గట్టుమీద పెట్టింది. పిల్లల మధ్యలోంచి దారి చేసుకుని బోర్డు దగ్గరికి నడిచింది. భర్త మంచినీళ్ళేమో అనుకుని చెయ్యి చాచాడు. ఆమె ఆ పక్కనున్న చాక్‌పీసు తీసుకుంది.

"ఐదో ప్రశ్న నేను టైపు చెయ్యలేదు" అంది. గొంతు పల్చగా వచ్చింది. "నేను రాశాను. నేను రాసింది ఇది."

4కి 3, 6కి 5. బోర్డుమీద రాసింది. దానికింద 6కి 2 రాసింది.

"ఇది లెక్క కాదు. మా అత్తగారి మాత్రలు. సాయంత్రం ఆరుకి రెండు. ఒకే కాగితమ్మీద రాసుకున్నాను, అది ప్రశ్నలోకి వచ్చేసింది."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనకవరసలో ఒకరు కిసుక్కుమన్నారు, ఆపైన హాలంతా నవ్వు. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు నవ్వింది డైరెక్టరమ్మ. ఆ నవ్వులు ఆగేదాకా ఆమె నిలబడింది.

"ప్రశ్న అలా తప్పయింది. కాని అచ్చులో ఉన్నది ఆ ప్రశ్నే. దానికి జవాబు ఉంది. అలాంటి సంఖ్య ఒకటి ఉందనుకుందాం."

అనుకుందాం. బోర్డు ముందు ఆ మాట అని పద్దెనిమిదేళ్ళయింది. నోటికి కొత్తగా తగిలింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అంది. "ఉందనుకుందాం. నాలుక్కి మూడు మిగిలింది కాబట్టి అది బేసి. ఆరుకి రెండు మిగిలింది కాబట్టి అది సరి. రెండూ ఒకేసారి కుదరవు. కాబట్టి మనం అనుకున్నదే తప్పు. అలాంటి సంఖ్య లేదు. ఇరవై ఎనిమిదిమందిలో ఇది ఒక్కరే రాశారు. రాసి, తప్పేమోనని మూడుసార్లు చెరిపారు."

రబ్బరు చేతిలో రబ్బరు అలాగే ఉంది. ఎవరూ ఆ పిల్ల వైపు చూడలేదు, అందరికీ తెలుసు కాబట్టి.

డైరెక్టరమ్మ చేతికర్ర నేలకి ఆనించి ముందుకి వంగింది. "ప్రశ్న తప్పైతేనేం, జవాబు ఒప్పేగా. ఆ మార్కులు ఉంచండి." తర్వాత భర్తని కాదు, ఆమెని అడిగింది. "మిగతా తొమ్మిదీ ఎవరు రాశారు?"

భర్త బోర్డువైపు చూస్తున్నాడు, అక్కడ ఇంకా ఏదో రాసి ఉన్నట్టు.

"నేనే" అంది ఆమె.

"ఎన్నేళ్ళ బట్టి?"

"పదేళ్ళు."

డైరెక్టరమ్మ ఆయన జేబులోని పట్టీ అడిగి తీసుకుంది. ముగ్గురి పేర్లూ చదివింది. రెండోది రబ్బరు అసలు పేరు. చప్పట్లు కొట్టారు. నాలుగో చోటికి జారిపోయిన పిల్ల ఎవరో ఆమెకి ఒక్కదానికే తెలుసు. ఐదో ప్రశ్నకి 8 అని రాసిన పిల్ల అది, అందరితోపాటు చప్పట్లు కొడుతోంది. దాని వైపు ఎక్కువసేపు చూడలేకపోయింది. వెళ్ళేటప్పుడు డైరెక్టరమ్మ తలుపు దగ్గర ఆగి, "రేపు తొమ్మిదింటి క్లాసు మీరు తీసుకోండి" అంది, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా. రబ్బరు ఆఖరున వచ్చింది. "ఆంటీ, ఆ ఉందనుకుందాం అన్నది ఇంకోసారి చెప్తారా?" అని అడిగింది. ఈసారి ముందు ఏమీ తగిలించలేదు.

"రేపు పొద్దున చెప్తాను. తొమ్మిదింటికి."

కారులో కూర్చున్నాక కూడా ఆమెకి పెద్దగా ఏమీ అనిపించలేదు. విజయం అంటారే, అలాంటిదేమీ కాదు. వేళ్ళకి చాక్‌పీసు పొడి అంటుకుని ఉంది, అది తెలుస్తోంది. బొటనవేలితో చూపుడువేలు రుద్దితే గరగరమంటోంది. అంతవరకూ ఖాయం. భర్త తాళంచెవి పెట్టాడు గాని తిప్పలేదు. స్టీరింగుమీద రెండు చేతులూ ఉంచి ముందు అద్దంలోకి చూస్తున్నాడు.

"మాత్రలదాకా చెప్పాలా అందరిలో?" అన్నాడు చివరికి. "పదిమంది ముందు నా పరువేం కావాలి? అక్కడ చాక్‌పీసు తీసేముందు, ఈయన ఏమనుకుంటాడో అని ఒక్కసారైనా అనుకున్నావా?"

"అనుకున్నాను" అంది ఆమె. "అనుకునే చెప్పాను."

ఆయన తల తిప్పి చూశాడు. ఆమె కూడా చూసింది. గొడవపడే మొహం కాదది, ఆయనకి అలవాటైన మొహమే. అప్పుడు ఆమె ఒళ్ళోని ఫోను మోగింది. ఆరయింది. తెరమీద అత్తగారు. మామూలుగా అయితే రెండో రింగుకి ఎత్తేది. ఇప్పుడు మోగుతున్న ఫోనుని తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఆరుకి రెండు" అంది.

"రెండంటే? ఏ మాత్రలు రెండు?"

"అత్తయ్యని అడగండి. ఆవిడకి తెలుసు."